క్యాప్ దాకా, క్యాప్ తర్వాత: మహిళా రగ్బీలో అంతర్జాతీయ స్థాయికి దారి

రగ్బీ యూనియన్‌లో దేశం తరఫున ఆడిన ఒక్కొక్క మ్యాచ్‌ను ఒక్కొక్క ‘క్యాప్’గా లెక్కిస్తారు. ఇంగ్లండ్ మాజీ కెప్టెన్ సారా హంటర్ 2023లో ఆట నుంచి తప్పుకునేనాటికి ఆమె పేరున 141 క్యాప్‌లు ఉన్నాయి. అంత పెద్ద సంఖ్య కనిపించగానే మన దృష్టి ప్రతిభ మీదికే పోతుంది. కానీ 2007 నుంచి 2023 వరకు ఎంపిక జరిగిన ప్రతిసారీ ఒంట్లో గాయం లేకుండా, అర్హతకు అడ్డు లేకుండా, చదువుకూ ఉద్యోగానికీ ఆటకూ పొత్తు కుదుర్చుకుని మైదానంలోకి దిగడానికి సిద్ధంగా ఉండటం ప్రతిభ ఒక్కదానితో జరిగే పని కాదు. జట్టులోకి ఎవరిని తీసుకోవాలన్నది శిక్షకుల చేతిలో ఉంటుంది. తీసుకోదలచిన రోజున మీరు అందుబాటులో ఉండటం మాత్రం చాలావరకు మీ చేతిలోనే ఉంటుంది. అంతర్జాతీయ స్థాయిని కోరుకునే అమ్మాయి తొలి శిక్షణ నుంచి చివరి మ్యాచ్ దాకా ఆ అందుబాటును ఎలా కాపాడుకోవాలో ఇక్కడ చెప్పదలచుకున్నాను.

ఆలస్యంగా మొదలుపెట్టడం దోషం కాదు

మహిళా రగ్బీలో ఉన్న ఒక వెసులుబాటు ఏమిటంటే, పదిహేడేళ్ళకు మొదటిసారి బంతి పట్టుకున్నవారు కూడా ప్రపంచ స్థాయికి చేరిన ఉదాహరణలు ఉన్నాయి. అమెరికా సెవెన్స్ (ఏడుగురు ఆడే రగ్బీ) జట్టుతో 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన ఇలోనా మహర్ బాస్కెట్‌బాల్, హాకీ వంటి ఆటలు ఆడి, ఉన్నత పాఠశాల చివరి రోజుల్లో రగ్బీలోకి వచ్చారు. న్యూజిలాండ్‌కు చెందిన పోర్షియా వుడ్‌మన్ నెట్‌బాల్ నుంచి వచ్చి, 2017 ప్రపంచకప్‌లో హాంకాంగ్ జట్టుపై ఒకే మ్యాచ్‌లో 8 ట్రైలు (బంతిని ఎదుటివారి గోల్‌గీత అవతల నేలకు ఆనించి పాయింట్లు తేవడం) సాధించారు. కాబట్టి ఇతర ఆటల్లో నేర్చుకున్న పరుగు, బంతిని అందుకునే నేర్పు, ఖాళీని కనిపెట్టే చూపు ఇక్కడ వృథా కావు.

అయితే ఆలస్యంగా వచ్చినవారికి ఒక లోటు తప్పకుండా ఉంటుంది. చిన్నప్పటి నుంచి ఆడినవారికి పడటం, పడగొట్టడం శరీరానికి అలవాటైపోయి ఉంటాయి; మీకు అవి కొత్త. అందువల్ల క్లబ్‌ను ఎంచుకునేటప్పుడు అది ఎన్ని కప్పులు గెలిచిందని చూడకండి. కొత్తవారికి ట్యాకిల్‌ను, అంటే బంతితో వచ్చేవారిని పట్టి పడగొట్టడాన్ని, మెట్టుమెట్టుగా, మొదట మోకాళ్ళ మీద కూర్చుని, తర్వాత నడుస్తూ, ఆ తర్వాతే పరుగెత్తుతూ నేర్పే శిక్షకులు అక్కడ ఉన్నారా అని చూడండి. మొదటి వారంలోనే పూర్తి వేగంతో ఢీకొట్టించే చోటు మీకు తగినది కాదు.

ట్యాకిల్, పడటం: ఇక్కడ తొందర పనికిరాదు

ట్యాకిల్‌లో చేతుల బలం కన్నా పాదాలు ఉన్న చోటు ముఖ్యం. ఎదుటి క్రీడాకారిణి దగ్గరకు వచ్చేకొద్దీ అడుగులు చిన్నవి చేసుకుని, ముందరి పాదాన్ని వీలైనంత వరకు ఆమెకు దగ్గరగా నిలిపి, నడుము వంచి, కళ్ళు పైకే ఉంచి, భుజంతో తగలాలి. తల ఎప్పుడూ ఆమె శరీరానికి పక్కన ఉండాలే తప్ప ఆమె కదులుతున్న దారికి అడ్డంగా ఉండకూడదు. ఆ తర్వాత రెండు చేతులతో గట్టిగా చుట్టి, కాళ్ళను ఆపకుండా ముందుకు నెట్టాలి. తలను తప్పు వైపు పెట్టడం ఎంత బలమున్నవారికైనా మెడ మీదికీ పుర్రె మీదికీ ప్రమాదం తెస్తుంది. కుడి భుజం మీకు సులువుగా వస్తుంటే శిక్షణలో ఎడమ భుజానికి రెట్టింపు సమయం ఇవ్వండి, ఎందుకంటే మ్యాచ్‌లో ఎదుటివారు మీకు నచ్చిన వైపే వస్తారన్న హామీ లేదు.

ఎత్తు విషయంలో నియమం కఠినమైనది. భుజాల గీతకు పైన తగిలిన ట్యాకిల్‌కు శిక్ష పడుతుంది, తలకు తగిలితే ఎర్రకార్డు దాకా పోవచ్చు. 2022లో ఆక్లాండ్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్‌ను గుర్తుచేసుకుంటే దీని బరువు తెలుస్తుంది. వరసగా 30 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన ఇంగ్లండ్ జట్టు, తమ వింగర్ (మైదానం అంచున ఆడే క్రీడాకారిణి) చేసిన ఒక ఎత్తైన ట్యాకిల్ కారణంగా ఎర్రకార్డు పొంది, దాదాపు గంటసేపు 14 మందితో ఆడి, చివరికి 34–31 తేడాతో న్యూజిలాండ్ చేతిలో ఓడింది. పొరపాటు చేసిన ఆమె క్రూరంగా ఆడే మనిషి కాదు. ఆ వేగంలో నడుము కొంచెం తక్కువ వంగింది, అంతే. అలసిపోయినప్పుడు నడుము వంగదు గనుక, తక్కువ ఎత్తు ట్యాకిల్‌ను శిక్షణ మొదట్లో ఒకసారి, బాగా అలసిన తర్వాత చివర్లో మరొకసారి సాధన చేయాలి.

ట్యాకిల్ చేయడం గురించి మాట్లాడినంతగా, ట్యాకిల్‌కు గురై పడటం గురించి ఎవరూ మాట్లాడరు. మహిళల ఆటలో తలకు తగిలే దెబ్బల్లో తల నేలకు కొట్టుకోవడం వల్ల వచ్చేవి ఎక్కువని, మెడ కండరాల బలం తక్కువగా ఉండటం, పడే పద్ధతి చిన్నతనంలో నేర్చుకోకపోవడం ఇందుకు దోహదం చేస్తాయని ఈ రంగంలో పనిచేసేవారు గమనించారు. కనుక గడ్డాన్ని ఛాతీ వైపు లాక్కోవడం, చెయ్యి చాపి నేలను ఆపే ప్రయత్నం చేయకుండా భుజం వెనుక భాగం మీదా పిరుదు మీదా బరువు పంచుకుంటూ దొర్లడం, బంతిని శరీరానికి అదిమి పట్టుకుని పడిన వెంటనే సొంత జట్టు వైపు చేయి సాచి పెట్టడం మెత్తని చాప మీద వందల సార్లు చేయాలి. దీనితో పాటు మెడను నాలుగు వైపులకూ నెట్టే, నిలిపే వ్యాయామాలు వారానికి రెండు మూడు సార్లు, పది నిమిషాల చొప్పున ఉంటే చాలు. చూడటానికి ఏ ఆకర్షణా లేని ఈ పనిని మానేసేవారు ఎక్కువ. నా లెక్కలో మాత్రం మొత్తం శిక్షణలో అన్నిటికన్నా లాభసాటి పది నిమిషాలు ఇవే.

స్థానాన్ని ఎంచుకోవడం

పదిహేను మంది ఆటలో 1 నుంచి 8 వరకు సంఖ్యలు ధరించేవారు ఫార్వర్డ్‌లు, 9 నుంచి 15 వరకు బ్యాక్‌లు. వింగర్‌గానో, ఆటను నడిపించే ఫ్లై హాఫ్‌గానో ఆడాలని చాలామంది కోరుకుంటారు, ఎందుకంటే ట్రైలూ కిక్‌లూ అక్కడే కనిపిస్తాయి. కానీ జాతీయ జట్టులో చోటు దొరకడానికి కావలసింది ఆ స్థానంలో పోటీ ఎంత ఉందన్న అంచనా. స్క్రమ్‌లో, అంటే రెండు జట్ల ఫార్వర్డ్‌లు బంతి కోసం ఒకరినొకరు నెట్టుకునే కూడికలో, ముందు వరసలో నిలిచే ప్రాప్, హుకర్ స్థానాలు ప్రత్యేక శిక్షణ లేకుండా ఆడటానికి వీల్లేనివి. అందుకే 23 మంది మ్యాచ్ జట్టులో ముందు వరసకు ముగ్గురు బదిలీ క్రీడాకారిణులు ఎప్పుడూ ఉంటారు. అంటే మంచి ప్రాప్‌కు బెంచి మీదైనా చోటు ఎదురుచూస్తూ ఉంటుంది. మంచి వింగర్‌కు ఆ హామీ లేదు. శరీరం అనుకూలిస్తే ఈ లెక్కను తీసిపారేయకండి.

హుకర్ స్థానాన్ని ఎంచుకునేవారు లైనౌట్‌లో, అంటే బంతి పక్కగీత దాటాక ఆట తిరిగి మొదలయ్యే చోట, బంతి విసరడాన్ని విడి విద్యగా సాధన చేయాలి. పైన చెప్పిన 2022 ఫైనల్ చివరి క్షణంలో ఇంగ్లండ్‌కు న్యూజిలాండ్ గోల్‌గీతకు కొద్ది దూరంలో లైనౌట్ దొరికింది. అది గెలిస్తే కప్పు వారిదయ్యే అవకాశం ఉన్న ఆ బంతిని న్యూజిలాండ్ లాక్ (స్క్రమ్ రెండో వరసలో ఆడే ఫార్వర్డ్) గాలిలోనే చెదరగొట్టారు. గోడ మీద ఒక గుర్తు పెట్టి రోజూ వంద విసుర్లు విసిరే హుకర్‌కు ఆ ఒక్క క్షణం కోసమే అంత శ్రమ అని తెలుసు. రెండు స్థానాలు ఆడగలిగినవారికి బెంచి మీద విలువ పెరుగుతుందన్నది కూడా నిజమే గాని, రెండింటిలోనూ అరకొరగా మిగిలిపోయే ప్రమాదం ఉంది గనుక, మొదటి మూడేళ్ళు ఒకదాన్నే ప్రధానంగా పట్టుకోవడం మేలు.

శరీరాన్ని సిద్ధం చేయడం

చాలా జట్లు దమ్మును కొలవడానికి బ్రాంకో అనే పరీక్ష పెడతాయి. 20, 40, 60 మీటర్ల గీతల వరకు వెళ్ళి తిరిగి రావడం ఒక వరస. అలాంటివి ఆపకుండా ఐదు వరసలు, మొత్తం 1200 మీటర్లు. ఎవరి సహాయమూ లేకుండా నాలుగు గుర్తులు పెట్టుకుని ఎక్కడైనా చేసుకోవచ్చు కాబట్టి, ఆరు వారాలకొకసారి మీ సమయాన్ని పుస్తకంలో రాసుకోండి. ఎంపిక శిబిరానికి వెళ్ళాక మొదటిసారి ఈ పరీక్ష రుచి చూడటం మాత్రం పొరపాటు.

బలం విషయంలో స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బరువు లాగే వ్యాయామాలు పునాది. వాటికన్నా ఎక్కువ శ్రద్ధ కోరేది మోకాలు. మోకాలి లోపలి ప్రధాన బంధనం, అంటే ఏసీఎల్, తెగిపోయే ప్రమాదం ఒకే ఆట ఆడే పురుషుల కన్నా స్త్రీలకు ఎక్కువ. అది తెగితే తిరిగి రావడానికి తొమ్మిది నెలలు, ఒక్కోసారి ఏడాది పైగా పడుతుంది. ఎవరూ తాకకుండానే, దిశ మార్చేటప్పుడో గెంతి దిగేటప్పుడో అది తెగవచ్చు కాబట్టి, తొడ వెనుక కండరాలను బలపరచడం, దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా చూసుకోవడం, ఒంటికాలి మీద నిలకడ సాధించడం ప్రతి వార్మప్‌లో ఉండాలి. వరల్డ్ రగ్బీ సంస్థ ‘యాక్టివేట్’ అనే పేరుతో ఇలాంటి వార్మప్ క్రమాన్ని ఉచితంగా అందుబాటులో ఉంచింది. మీ క్లబ్‌లో అది లేకపోతే మీరే అడిగి పెట్టించండి.

తిండి గురించి ఒకే మాట గట్టిగా చెప్పాలి. ఆటకు ఖర్చయ్యే శక్తికి సరిపడా తినకపోతే ఎముకలు బలహీనపడతాయి, గాయాలు మానవు, నెలసరి క్రమం తప్పుతుంది. నెలసరి ఆగిపోవడాన్ని కఠిన శిక్షణకు గుర్తుగా, గర్వకారణంగా భావించే అలవాటు కొన్ని జట్లలో ఉండేది. అది ప్రమాద సూచన, వైద్యులను కలవవలసిన విషయం. రక్తంలో ఇనుము తగ్గితే బ్రాంకో సమయంలో కూడా అది కనబడుతుంది కనుక ఏడాదికి ఒకసారైనా రక్తపరీక్ష చేయించుకోవాలి. నెలసరి గురించి శిక్షకులతో మాట్లాడటానికి ఇప్పుడు అంతగా మొహమాటపడనక్కరలేదు. ఐర్లండ్ మహిళల జట్టు 2023లో తెల్ల నిక్కర్లను వదిలి ముదురు నీలం రంగుకు మారింది ఈ కారణంగానే. ఇంకా పెద్దగా చర్చకు రానిది రొమ్ముకు తగిలే దెబ్బల సంగతి. ఒంటికి సరిపోయే మంచి స్పోర్ట్స్ బ్రాను మౌత్‌గార్డ్‌తో సమానమైన రక్షణ వస్తువుగానే చూడండి.

ఏ దేశానికి ఆడతారు

ఇది కాగితాల వ్యవహారం, అందుకే చాలామంది ఆలస్యంగా ఆలోచిస్తారు. వరల్డ్ రగ్బీ నియమాల ప్రకారం మీరు పుట్టిన దేశానికో, మీ తల్లిదండ్రుల్లో గాని తాత, అవ్వల్లో గాని ఒకరు పుట్టిన దేశానికో, వరసగా 60 నెలలు నివసించిన దేశానికో ఆడవచ్చు. విడివిడిగా కలిపి పదేళ్ళు నివసించినా అర్హత వస్తుంది. ఒకసారి ఒక దేశపు సీనియర్ జట్టుకు ఆడితే మామూలుగా ఆ దేశానికే కట్టుబడిపోతారు. ఈ కట్టుబాటు పదిహేను మంది ఆటకే పరిమితం కాదు, జాతీయ సెవెన్స్ జట్టుకు ఆడినా వర్తించవచ్చు. 2022 నుంచి ఒక సడలింపు వచ్చింది: మూడేళ్ళ పాటు అంతర్జాతీయ ఆటకు దూరంగా ఉంటే, మీరో మీ తల్లిదండ్రులో తాత, అవ్వల్లో ఒకరో పుట్టిన దేశానికి జీవితంలో ఒక్కసారి మారవచ్చు. నివాసం వల్ల మాత్రమే అర్హత ఉన్న దేశానికి ఈ దారి పనికిరాదు.

ఒలింపిక్స్ సెవెన్స్‌కు వీటితో పాటు ఆ దేశపు పౌరసత్వం కూడా తప్పనిసరి. కనుక రెండు దేశాలకు అర్హత ఉన్న అమ్మాయి, పెద్దలు ఆశ చూపించారని ఒక సెవెన్స్ పోటీకి తొందరపడి సంతకం చేసే ముందు, ఆ పోటీ వల్ల కట్టుబాటు పడుతుందా లేదా అన్నది తన జాతీయ సమాఖ్యను లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

ఎంపిక ఎలా జరుగుతుంది

క్లబ్, ప్రాంతీయ జట్టు, వయోపరిమితి జట్లు, జాతీయ శిబిరం, ఆ తర్వాత క్యాప్: దారి సాధారణంగా ఇదే. ఇంగ్లండ్‌లో ప్రీమియర్‌షిప్ విమెన్స్ రగ్బీ, ఆస్ట్రేలియాలో సూపర్ డబ్ల్యూ, న్యూజిలాండ్‌లో సూపర్ రగ్బీ ఔపికీ వంటి లీగ్‌లు ఎంపికదారుల కళ్ళ ముందు ఆడే అవకాశం ఇస్తాయి. మీ దేశంలో అలాంటి లీగ్ లేకపోతే ఒక సీజన్ పరాయి లీగ్‌లో ఆడటం గురించి ఆలోచించవచ్చు గాని, జాతీయ శిబిరం తేదీలకు మిమ్మల్ని వదిలిపెడతామన్న షరతు ఒప్పందంలో ఉందో లేదో ముందే చూసుకోండి.

మీ మ్యాచ్‌ల వీడియోలను మీరే దాచుకుని, మీ పనులన్నిటినీ లెక్కించే అలవాటు చేసుకోవాలి. ట్రైలను ఎవరైనా చూస్తారు. జాతీయ శిక్షకులు చూసేది పడిన తర్వాత ఎన్ని సెకన్లలో లేచారు, బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడ్డారు, డెబ్బయ్యో నిమిషంలో రక్‌కు (నేల మీద ఉన్న బంతి కోసం ఇరుజట్లు నెట్టుకునే చోటుకు) ఎన్నో వారుగా చేరారు అన్నవి. నాలుగు నిమిషాల వీడియో పంపవలసి వస్తే అందులో సగం ఇలాంటి వాటికే ఇవ్వండి. ఎంపిక కాకపోతే మర్యాదగా ఒకే ఒక ప్రశ్న అడగండి: వచ్చే శిబిరానికి ముందు నేను సరిచేసుకోవలసిన ఒక్క విషయం ఏమిటి? జాబితా అడిగితే జాబితాయే వస్తుంది, దానితో ఏమీ చేయలేరు.

జీవిక

1991లో వేల్స్‌లో జరిగిన మొదటి మహిళల ప్రపంచకప్‌కు క్రీడాకారిణులు సొంత ఖర్చులతో వచ్చారు. సోవియట్ జట్టు దారి ఖర్చుల కోసం వోడ్కా, చేప గుడ్లు అమ్ముకోవడానికి వెంట తెచ్చుకుంది. అక్కడి నుంచి ఆట చాలా దూరమే వచ్చింది. ఇంగ్లండ్ సమాఖ్య 2019 జనవరిలో 28 మందికి పూర్తికాల ఒప్పందాలు ఇచ్చింది. వేల్స్ 2022లో 12 మందితో మొదలుపెట్టింది. 2025 సెప్టెంబరులో ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్ 33–13తో కెనడాను ఓడించిన ప్రపంచకప్ ఫైనల్‌ను 81,885 మంది ప్రత్యక్షంగా చూశారు. కానీ ఆ ఫైనల్ ఆడిన కెనడా జట్టే సన్నాహాల కోసం పది లక్షల కెనడా డాలర్ల విరాళాల సేకరణ చేపట్టవలసి వచ్చిందన్నది మరచిపోకూడదు. ప్రపంచంలో చాలా దేశాల క్రీడాకారిణులకు ఆట ఇప్పటికీ పూర్తి జీతం కాదు.

అందువల్ల చదువును వదలకండి, దాన్ని ఆటకు అనువుగా మలచుకోండి. నాలుగు ప్రపంచకప్‌లు గెలిచిన న్యూజిలాండ్ మాజీ కెప్టెన్ ఫియావో ఫామౌసిలీ ఆడుతూనే పోలీసు శాఖలో పనిచేశారు. ఇలోనా మహర్ నర్సింగ్ పట్టా పొందారు. షిఫ్టులు మార్చుకోగల వృత్తులు, ఆపి మళ్ళీ మొదలుపెట్టగల కోర్సులు ఆటగాళ్ళకు బాగా సరిపోతాయి. ఒప్పందం చేతికి వచ్చినప్పుడు జీతం అంకె కన్నా ముందు మూడు విషయాలు చదవండి: గాయపడి ఆడలేని కాలంలో జీతం వస్తుందా, శస్త్రచికిత్స ఖర్చు ఎవరిది, గర్భం దాలిస్తే ఏమవుతుంది. ఇంగ్లండ్ సమాఖ్య 2023లో 26 వారాల పూర్తి జీతంతో ప్రసూతి సెలవు విధానం ప్రకటించాక, లాక్ స్థానంలో ఆడే ఆబీ వార్డ్ దాన్ని ఉపయోగించుకుని, బిడ్డ పుట్టిన తర్వాత మళ్ళీ జట్టులోకి వచ్చారు. మీ సమాఖ్యకు అలాంటి విధానం లేకపోతే, అడగవలసిన సమయం సంతకానికి ముందే.

జాతీయ జట్టులోకి వచ్చాక

నిషేధిత మందుల (డోపింగ్) పరీక్షా జాబితాలో పేరు చేరిన క్రీడాకారిణి, రోజులో ఏ 60 నిమిషాలు ఎక్కడ ఉంటుందో ముందుగా తెలియజేయాలి. పన్నెండు నెలల్లో మూడుసార్లు ఆ సమాచారం తప్పితే, ఏ మందూ వాడకపోయినా, అది డోపింగ్ నిరోధక నియమాల ఉల్లంఘన కిందికే వస్తుంది. ప్రయాణం మారిన వెంటనే ఫోన్‌లో వివరాలు మార్చడం పళ్ళు తోముకోవడమంత అలవాటు కావాలి. జలుబుకు మాత్ర వేసుకునే ముందు కూడా జట్టు వైద్యులను అడగాలి.

తల దెబ్బ విషయంలో నిజాయతీ మీద మరింత పట్టు ఉండాలి. అంతర్జాతీయ మ్యాచ్‌లలో అనుమానం వచ్చిన క్రీడాకారిణిని బయటకు తీసుకెళ్ళి 12 నిమిషాల పరీక్ష చేస్తారు. దెబ్బల తీవ్రతను కొలిచే పరికరాలున్న మౌత్‌గార్డ్‌లు కూడా ఇప్పుడు వాడుకలో ఉన్నాయి. కానీ తలనొప్పి, వెలుతురు చూడలేకపోవడం, నిద్ర తీరు మారడం లాంటివి మరుసటి రోజు బయటపడితే వాటిని చెప్పగలిగేది మీరొక్కరే. సీజన్ మొదట్లో చేసే జ్ఞాపకశక్తి పరీక్షలో కావాలని తక్కువ మార్కులు తెచ్చుకుని, తర్వాత తేడా కనిపించకుండా చేసే తెలివితేటల గురించి మీకు ఎవరైనా చెబితే వినకండి. రెండు వారాలు దాచి ఆడినందుకు రెండేళ్ళు పోగొట్టుకోవడం ఏ లెక్కలోనూ లాభం కాదు.

సుదీర్ఘ గాయం తర్వాత తిరిగి రావడం సాధ్యమే. ఎమిలీ స్కారట్ మెడ శస్త్రచికిత్స చేయించుకుని కూడా మళ్ళీ జట్టులోకి వచ్చి, 2025లో తన ఐదో ప్రపంచకప్ ఆడి, 119 క్యాప్‌లతో, 754 పాయింట్లతో విరమించుకున్నారు. తిరిగి వచ్చే తేదీని క్యాలెండర్‌ను బట్టి కాక, గాయపడని కాలితో సమానంగా బలం, గెంతు, దిశ మార్పు సాధించారా అన్న కొలతలను బట్టి నిర్ణయించుకోండి.

విరమణకు ఏర్పాట్లు కనీసం రెండు సీజన్ల ముందు మొదలుపెట్టాలి. సారా హంటర్ శిక్షణలోకి, ఇంగ్లండ్ ఫ్లాంకర్ మ్యాగీ అల్ఫాన్సీ ప్రసార రంగంలోకి వెళ్ళారు. ఐర్లండ్‌కు ఆడిన జాయ్ నెవిల్ రిఫరీగా మారి 2017లో వరల్డ్ రగ్బీ ఉత్తమ రిఫరీ పురస్కారం పొందారు. ఆడుతున్నప్పుడే శిక్షకుల కోర్సు మొదటి స్థాయి పూర్తిచేయడం, ఖాళీ వారాల్లో చిన్న పిల్లల మ్యాచ్‌లకు రిఫరీగా నిలవడం ఏ దారి మీకు నప్పుతుందో తేల్చిచెబుతాయి. చివరి సీజన్ ముగిసి జట్టు ఈ-మెయిల్ చిరునామా మూతపడేలోపు, మీ మొత్తం వైద్య రికార్డును, స్కానింగ్ చిత్రాలతోనూ తల దెబ్బల పరీక్షా ఫలితాలతోనూ సహా, సమాఖ్య నుంచి అడిగి తీసుకుని మీ దగ్గర భద్రపరచుకోండి. నలభై ఏళ్ళ వయసులో మోకాలు నొప్పితో ఎదురుగా కూర్చున్నప్పుడు కొత్త వైద్యులు మొదట అడిగేది ఆ కాగితాలనే.